ఏడాదికో బండెడు చౌడు

తాళంచెవి దొరికింది గానీ తాళం రాలేదు. రెండేళ్ల తర్వాత తీస్తున్న తాళం మరి! ఎండకు ఎండి, వానకు తడిసి బిగుసుకుపోయింది. నేను రెండు చేతులతో తిప్పుతుంటే అరుగు మీద కూర్చున్న అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "బలం చూపించొద్దురా, చెవి విరిగిపోతాది. నూనె చుక్క వేసి దాని మానాన దాన్ని వదిలెయ్. ముందు అందరూ నీళ్లు తాగండి" అంది. కొబ్బరినూనె సీసా ఆమె చేతిసంచిలోనే ఉంది. పావుగంటకు తాళం కటక్కుమని ఊడింది. డెబ్బై ఆరేళ్ల మనిషి ప్రయాణానికి చీరలకంటే ముందు నూనె సీసా ఎందుకు సర్దుకుందో నాకు అప్పుడు తెలిసింది.

మాది కడప జిల్లాలో బద్వేలు వైపు ఓ చిన్న ఊరు. చెరువుకట్ట దిగగానే మొదటి ఇల్లు మాది. మిద్దె ఎక్కి నిలబడితే కట్ట మీద నడిచిపోయేవాళ్ల కాళ్లు మన కళ్లకు ఎదురుగా కనిపిస్తాయి. చెరువు నిండిన ఏడు రాత్రంతా కప్పల సంగీతం, తెల్లారేసరికి కొంగల బారులు. నిండని ఏడు చెరువు నడిమధ్యన పిల్లల క్రికెట్టు. మా అబ్బ కట్టించిన మట్టిమిద్దె అది. నాయన పోయాక అమ్మ హైదరాబాదులో నా దగ్గరికి వచ్చేసింది. అప్పటి నుంచీ ఇంటికి తాళమే కాపలా.

అయినా ఓ కట్టుబాటు ఉండేది. ఏటా ఏప్రిల్ ఆఖర్లోనో మే మొదట్లోనో, పిల్లల పరీక్షలు అయిపోగానే, అందరం ఊరు చేరేవాళ్లం. బెంగళూరు నుంచి అన్న, ప్రొద్దుటూరు నుంచి అక్క, హైదరాబాదు నుంచి నేను. ఇల్లు తెరిచి, దులిపి, బాగుచేసి, ఆ నీడలో ఓ పదిరోజులు మామిడిపండ్లు తిని, మృగశిర కార్తె వచ్చేలోగా మళ్లీ తాళం వేసి వచ్చేవాళ్లం. కిందటేడు మాత్రం పోలేదు. అన్నకు ఆఫీసు పని, అక్క కూతురికి పురుడు, నాకు... నిజం చెప్పాలంటే నాకు బద్ధకం. ఫోన్లో డబ్బు పంపించి, "మిద్దె పని చేయించండి" అని ఊళ్లోవాళ్లకు చెప్పి చేతులు దులుపుకున్నాను. ఆ దులుపుడు ఖరీదు ఎంతో చెప్పడానికే ఈవారం ఇదంతా.

* * *

మీలో చాలామందికి ఊళ్లో ఇలాంటి తాళం వేసిన ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. అందుకని మా అమ్మ పద్ధతి ముందు చెప్తాను. తలుపు తీయగానే లోపలికి పోనివ్వదు. "ఇన్నాళ్లూ అది వాళ్ల ఇల్లు. బయటికి పోయేదానికి వాళ్లకూ కాసింత టైమియ్యాల" అంటుంది. వాళ్లంటే ఎవరనుకున్నారు? తేళ్లు, జెర్రులు, గబ్బిలాలు, ఒక్కోసారి పాము. అందుకని ముందు తలుపులు బార్లా తెరిచి, గడప మీద కర్రతో నాలుగు దెబ్బలు కొట్టి, అరగంట బయటే ఉండాలి. తర్వాత కాళ్లకు చెప్పులతో, చేతిలో టార్చితో ఒక్క మనిషి మాత్రమే లోపలికి వెళ్లాలి. మూల ఉన్న చాప, గోనెసంచి, తలకిందులుగా పెట్టిన బాన... వేటినీ చేత్తో ఎత్తకూడదు. కర్రతో కదిలించాకే ముట్టుకోవాలి. తేలుకు అలాంటి చోట్లంటేనే ఇష్టం.

ఈసారి పాము కుబుసం మాత్రమే కనిపించింది, దేవుడి గూటి కింద. మనిషి లేడు, చొక్కా విడిచి పోయాడన్నమాట. కిటికీ పైన కందిరీగలు పెద్ద గూడే పెట్టాయి. మధ్యగదిలో చెదలు నేల నుంచి గోడ మీదికి వరద కాలువలాగా గీత గీసుకుంటూ పోయాయి. చెదల దారి కనబడగానే చీపురుతో దులిపేసి సంతోషపడిపోతాం. అది పొరపాటు. అది ఎక్కడ మొదలైందో, ఎక్కడికి పోతోందో రెండు కొసలూ చూసుకున్నాకే దులపాలి. మా ఇంట్లో ఆ గీత పైకి, దూలం వైపు పోయింది. ఆ సంగతి తర్వాత.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. వచ్చీ రాగానే మెయిన్ వేసి ఫ్యాన్ తిప్పుకోవాలని అందరికీ ఉంటుంది. తాళం పడిన ఇంట్లో ఎలుకలు వైర్ల తొడుగు కొరికేసి ఉంటాయి. తడిసిన గోడలో ఆ వైరుంటే గోడే షాక్ కొడుతుంది. మేం ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ సాయంత్రం కొవ్వొత్తులతోనే సరిపెట్టుకున్నాం. అతను వచ్చి వంటింటి బోర్డు విప్పితే అందులో ఎలుక ఏకంగా పక్కే వేసుకుంది, మా నాయన పాత పంచె పీలికలతో!

ఇక బావి. మా ఆవిడ స్కూల్లో సైన్సు చెబుతుంది కాబట్టి ఆ శాఖ ఆవిడది. కప్పో ఎలుకో చచ్చి పడి ఉంటే నీళ్లన్నీ తోడించాల్సిందే. లేకపోతే పైన తేలే చెత్త తీసి బ్లీచింగ్ పౌడర్ కలిపితే చాలు. ఎంత కలపాలి అంటే లెక్క ఉంది. వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు. మా బావి అడ్డకొలత 2 మీటర్లు, నీళ్ల లోతు 3 మీటర్లు. అంటే దాదాపు 9,400 లీటర్లు. దానికి 24 గ్రాములు. చాలామంది అర కిలో గుమ్మరించేసి, ఆనక నీళ్లు వాసనని బావినే మానేస్తారు. పొడిని నేరుగా వేయకూడదు కూడా. బకెట్లో కొద్ది నీళ్లతో పేస్టులా కలిపి, నీళ్లు నింపి, పదినిమిషాలు ఆగితే సున్నం అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రం ఇంకో బకెట్లోకి వంచుకుని, దాన్ని బావిలోకి దించి బాగా ఆడించాలి. అడుగు మడ్డి బావిలో పడితే నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది. గంటసేపు ఆగి తోడుకోవచ్చు. పౌడర్ మాత్రం కొత్తది కావాలి. మూత తీసి పెట్టిన పాత డబ్బాలో పస ఉండదు.

* * *

సరే, ఇప్పుడు మిద్దె.

కోస్తా పాఠకులకు, తెలంగాణ పాఠకులకు పెంకుటింటి సంగతి తెలుసు. మట్టిమిద్దె చాలామంది చూసి ఉండరు. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద చెక్కలు, ఆపైన తంగేడు కంప, దానిమీద మందంగా మట్టి. అన్నింటికీ పైన చౌడు. ఓ మూలకు వాలు, ఆ మూలన నీళ్లు పోవడానికి తూము. వంటింటి మీద పొగ పోయేందుకు గవాచి. వాన వస్తే దానిమీద బండ మూస్తాం. ఎండాకాలంలో బయట నిప్పులు చెరుగుతున్నా ఆ మిద్దె కింద కునుకు పడుతుంది. అంత మట్టి తలమీద ఉంటే ఎండ కిందికి దిగేసరికే పొద్దు వాలిపోతుంది మరి.

అసలు కిటుకు ఆ చౌడుది. పైరు పెట్టనివ్వని, విత్తు మొలవనివ్వని తెల్లటి నేల. "చౌడునేల చాకిరి" అని రైతు తిట్టుకునే మట్టి. అందులో సోడియం ఎక్కువ. నీరు తగలగానే సన్నటి బంకరేణువులు విడివిడిగా చెదిరి, సందులన్నీ పూడ్చేస్తాయి. నీరు కిందికి దిగదు. అందుకే ఆ నేలలో వేరు బతకదు, అందుకే ఆ మట్టి కింద మనిషి తడవడు. పొలానికి శాపమైంది ఇంటికి గొడుగు. అయితే ఈ గొడుగు ఏడాదికే. వానలకు కొంత కొట్టుకుపోతుంది, ఎండలకు కొంత పగులుతుంది, గడ్డి మొలిచి వేర్లు దారులు చేస్తాయి. అందుకే ఏటా వానలకు ముందు ఒక బండెడు చౌడు పోయాలి.

నేను పంపిన డబ్బుకు చౌడు పోశారు. అందులో మోసమేమీ లేదు. రెండు బండ్లు పోశారు కూడా! కానీ ఏటా దగ్గరుండి పని చేయించే పెద్దాయన, మేమంతా 'మిద్దె మామ' అని పిలిచే ఆయన, అప్పుడు కాలికి దెబ్బ తగిలి మంచం మీద ఉన్నాడట. పనికి వచ్చిన కుర్రాళ్లు పాత చౌడు గీకకుండా దానిమీదే కొత్తది పోసి వెళ్లారు. తూము దగ్గర కుప్ప మిగిలిపోయింది. వాన నీళ్లు పోయే దారి లేక మిద్దె మీదే నిలిచాయి. గోడలోకి దిగి దూలం కొసను నానబెట్టాయి. నానిన కొయ్య వాసన చెదలకు చెప్పాలా? మధ్యగది దూలం, గోడలో ఉండే జానెడు భాగం, వేలుతో నొక్కితే పొడిపొడిగా రాలింది.

చేతికర్ర పట్టుకుని మిద్దె మామ వచ్చాడు. పైకి ఎక్కలేడు. కిందనే నిలబడి తల పైకెత్తి చూసి, "వానకు మిద్దె పడదు నాయనా, బరువుకు పడతాది. ప్రతి ఏడూ కొత్తది పోసేముందు పాతది గీకేది అందుకే. మీ నాయన ఉన్నప్పుడు జానా బెత్తా కొలిచి చూసేవాడు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయిన 2021 నవంబరు వానలు మా జిల్లా వాళ్లెవరూ మర్చిపోరు. అన్ని వానలకూ ఒక్క చుక్క కారని మిద్దె అది. మామూలు వానలకు, ఒక్క ఏడాది మనిషి ఎక్కకపోయేసరికి ఇలా అయింది.

* * *

ఆ రాత్రి వాకిట్లో మంచాలేసుకుని పంచాయితీ. అన్న ఇంజినీరు. "మట్టంతా దించేసి శ్లాబు వేద్దాం. ఒక్కసారి ఖర్చు, మళ్లీ చూడక్కర్లేదు" అన్నాడు. అక్క ఇంకో అడుగు ముందుకేసింది. "ఎవరుండబోతారని ఆ ఖర్చు? అమ్మేస్తే మేలు కదా. రోడ్డు పడ్డాక రేటు కూడా వచ్చింది." నేను తప్పు చేసినవాణ్ని కాబట్టి నోరు విప్పలేదు. అమ్మ కూడా ఏమీ అనలేదు. విసనకర్ర విసురుకుంటూ కట్ట వైపు చూస్తూ పడుకుంది. ఆమె మౌనానికి అర్థం మాకు తెలుసు. ఆ మధ్యగదిలోనే మేం ముగ్గురం పుట్టాం. ఆ దూలానికే మా ఉయ్యాల కట్టింది.

మర్నాడు పొద్దున్నే కట్ట మీద నడుస్తుంటే అన్నతో పోరుమామిళ్ల చెరువు మాట వచ్చింది. మా ఊరికి దగ్గరే. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు. 1369 నాటి శాసనం ఉంది దానికి. రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని రాయి మీద చెక్కించారు. అంతకంటే గొప్ప సంగతి, మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు కూడా అందులో రాశారు. ఆ ఆరు దోషాల్లో ఒకటి ఏమిటో తెలుసా? చౌడు నేల! చెరువుకు పనికిరానిదే మిద్దెకు పనికొచ్చింది. మన పెద్దవాళ్లకు ఏ మట్టిని ఎక్కడ వాడాలో తెలుసు.

అంత చెరువు కట్టి ఆరు వందల యాభై ఏళ్లు దాటింది. రాతికట్ట గట్టిగా ఉంది గనకే నిలిచిందంటారు. కానీ ఏ చెరువూ ఊరికే నిలవదు. ఏటా పూడిక తీయాలి, తూము చూడాలి, కట్టకు గండి పడకుండా మట్టి పోయాలి. దానికోసమే మన రాయలసీమలో 'దశబంధం' అని పెట్టారు. చెరువు కట్టిన, మరమ్మతు చేసే వాళ్లకు ఆదాయంలో భాగమో ఇనాం భూమో ఇచ్చేవారు. అంటే చెరువును కట్టిన రోజే, రేపు దాన్ని చూసేవాడెవడో కూడా రాసుకున్నారన్నమాట. మా ఊరి చెరువు సంగతి చూడండి. నా చిన్నప్పుడు వేసవిలో రైతులు బండ్లు కట్టుకుని చెరువుమట్టి పొలాలకు తోలుకునేవారు. పొలానికి ఎరువు, చెరువుకు పూడికతీత, రెండూ ఒక్క పనితో అయిపోయేవి. అది తగ్గిపోయింది. ఇప్పుడు చెరువు సగం సర్కారు తుమ్మ అడవి. ఎవరూ దాన్ని పాడుచేయలేదు. ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

అన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. "శ్లాబు వేస్తే మళ్లీ చూడక్కర్లేదన్నాను కదరా... చూడక్కర్లేకపోతే మనం వస్తామా?" అన్నాడు ఉన్నట్టుండి. నా దగ్గర జవాబు లేదు.

* * *

దూలానికి వైద్యం మిద్దె మామే చెప్పాడు. కుళ్లిన కొసను నమ్మొద్దు, గట్టిగా ఉన్నచోట కింద రాతి కూసం నిలబెట్టి దానిమీద బరువు మోయించమన్నాడు. ఇంజినీరు అన్న టేపు పట్టి కొలిచి, "మామ చెప్పిందే కరెక్టు" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. కూసం నిలబెట్టేముందు మిద్దె మీది బరువు దించాలి. దూలం బలహీనంగా ఉందని ఆ గది మీదికి ఒకేసారి ఇద్దరి కంటే ఎక్కువ ఎక్కనివ్వలేదు. పక్క గదుల మీంచి అందుకుంటూ పాత చౌడు గీకి గంపలతో దించడానికి రెండు రోజులు పట్టింది. కిందికి దిగిన మట్టి కుప్ప చూస్తే, ఇంత బరువు కిందనా మేం పడుకునేది అని గుండె జారింది.

కొత్త చౌడు పోసే రోజు మిద్దె మామ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పైన మా అమ్మాయి, ఇంటర్ పరీక్షలు రాసి వచ్చిన పిల్ల. ఆయన కింద నుంచి కేకలు, అది పై నుంచి కేకలు.

"గడ్డి వేరుతో పీకినావా పాపా? కోస్తే లాభం లేదు."

"పీకినా తాతా!"

"ఎలక బొక్కలుంటే ముందు తడిమట్టి కూరి కాలితో తొక్కు. చౌడు జల్లెడ పట్టి పరచల్ల. రెండు వేళ్ల మందం. మించొద్దు."

"వాలు ఎటు తాతా?"

"చెంబుడు నీళ్లు పొయ్యి. అవే చెప్తాయి."

అది చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు కాసేపు ఆలోచించుకుని, తూము వైపు నడిచాయి. పిల్ల మిద్దె మీద చప్పట్లు కొట్టింది. ఆ వయసు పిల్ల ఫోన్ పక్కన పెట్టి, నెత్తిన తువ్వాలు కట్టుకుని, మోచేతులదాకా తెల్లమట్టితో నిలబడితే, మా జేజి ఫోటో గుర్తొచ్చింది నాకు.

ఇదంతా చదివి ప్రతివాళ్లూ మట్టిమిద్దెలే కట్టుకోమంటున్నానని అనుకోకండి. ఏటా గంపలు మోయడం సరదా కాదు. కూలీలు దొరకరు, చేసేవాళ్లకు ఓపికలు లేవు. ఊళ్లో ఉండేవాళ్లు శ్లాబులు వేసుకున్నారంటే వాళ్లకు తెలియక కాదు. ఇంకో పదేళ్లకు మేమూ వేస్తామేమో. నేను చెప్పేది ఒక్కటే. మీకూ తాళం వేసిన ఇల్లుంటే, అది పెంకుటిల్లయినా, శ్లాబు అయినా, వానలకు ముందు ఎవరో ఒకరు వెళ్లి ఒక్కసారి పైకెక్కి చూడండి. తూములో ఆకులు తీసి రండి. మనం పంపే డబ్బు పనివాళ్లను పిలుస్తుందేమో గానీ, దగ్గర నిలబడి "పాతది గీకినారా?" అని అడగదు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం పడమర నల్లబడింది. గాలి, ఉరుము, ఆపైన పెద్దపెద్ద చినుకులు. అన్న పరుగున వెళ్లి గవాచి మీద బండ మూసి వచ్చాడు. అక్క గిన్నెలు, చెంబులు, బక్కెట్లు అన్నీ తెచ్చి నడింట్లో పరిచింది. అందరం గోడలకు ఆనుకుని కూర్చుని కప్పు వైపే చూస్తున్నాం. బయట తూము గుండా నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు. పది నిమిషాలు... అరగంట... మధ్యగదిలో చుక్క లేదు. కూసం పక్కన కొత్తగా పోసినచోట గోడ పొడిగా ఉంది.

వంటింట్లో మాత్రం ఒకచోట టప్పుమంది. తర్వాత ఇంకో టప్పు. అక్క చెంబు జరిపి దాని కింద పెట్టింది.

"ఒక్కచోటే కదా, ఇంకో గంప పోస్తే సరిపోతాది" అంది అమ్మ, ఈ వారంరోజుల్లో మొదటిసారి నవ్వుతూ. "మృగశిర లోపల ఎవరు వస్తార్రా?"

అన్న క్యాలెండర్ వైపు చూశాడు. అక్క నా వైపు చూసింది. అమ్మే ప్రసక్తి ఆమె మళ్లీ తేలేదు. కిందటేడు బాకీ నాదే కాబట్టి నేనే చెయ్యెత్తాను. వచ్చే ఏడు అన్న వంతు, ఆ మరుసటేడు అక్క. గోడ మీది క్యాలెండర్ వెనక రాసుకున్నాం. మా అమ్మాయి కింద ఇంకో గీత గీసి తన పేరు కూడా రాసుకుంది.

వచ్చే ఆదివారం నేను ఊళ్లో ఉంటాను. కొబ్బరినూనె సీసా ఇప్పుడే సంచిలో పెట్టాను.